ఎండిన చొల్లు, పచ్చి గాయం

రాత్రి గుమ్మం బయట విడిచిన చెప్పుల్లో ఒకటి తెల్లారేసరికి నాలుగిళ్ళ అవతల దొరుకుతుంది. పట్టీ మీద పంటి గాట్లు, అక్కడక్కడా తడి. వీధికుక్క పనే. దులిపేసి, వేసుకుని, బస్సెక్కి పనిలో పడ్డాక మడమ పగిలి ఉందన్న సంగతి గుర్తొస్తుంది. ఇప్పుడు రేబిస్ వస్తుందా? సికింద్రాబాద్ పక్కనున్న మౌలాలి హౌసింగ్ బోర్డు కాలనీ సందుల్లో కానీ, రైల్వే క్వార్టర్ల దగ్గర కానీ, కొండ మీది దర్గాకు వెళ్ళే దారిలో కానీ మనుషులూ కుక్కలూ ఒకే జాగాలో బతుకుతారు. కాటు పడకుండానే కుక్క తడి మనకు తగిలే సందర్భాలు రోజూ ఉంటాయి. కుక్క తాగిన తొట్టిలోని నీళ్ళు చేతి మీద చిందుతాయి. గుమ్మానికి తగిలించిన పాల ప్యాకెట్టును పిల్లి కొరుకుతుంది. కుక్కను నిమిరిన చేత్తోనే పిల్లవాడు కళ్ళు నలుపుకుంటాడు. ఊళ్ళో చుట్టాలింట పెరుగన్నం తిని వచ్చిన వారానికి, ఆ ఇంటి గేదె పిచ్చెక్కి చచ్చిపోయిందని ఫోను వస్తుంది.

ఇవన్నీ పిరికివాళ్ళ ప్రశ్నలని తీసిపారెయ్యడం తప్పు. లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరినీ వదలని జబ్బు గురించి అడుగుతున్నారు. మరణం ఖాయమని తెలిసిన చోట మనిషి చిన్న అనుమానాన్ని కూడా తవ్వి చూసుకుంటాడు. అయితే వాళ్ళకు మామూలుగా దొరికే జవాబులు రెండే. ఒకరు ‘ఏం కాదులే’ అంటారు, ఇంకొకరు ‘ఎందుకైనా మంచిది, సూది వేయించుకో’ అంటారు. రెండు జవాబుల్లోనూ కారణం ఉండదు. రేబిస్ సోకే దారి చాలా ఇరుకైనది. ఎంత ఇరుకో, ఎందుకు ఇరుకో తెలిస్తే ఎక్కడ భయపడాలో, ఎక్కడ అక్కర్లేదో ఎవరికి వారే చాలావరకు తేల్చుకోవచ్చు.

అది తేల్చుకోవడం ఎందుకు అవసరమో ఒక లెక్క చెబుతుంది. భారత వైద్య పరిశోధన మండలి శాస్త్రవేత్తలు దేశంలో ఇంటింటికీ తిరిగి సర్వే చేసి 2024లో ఒక అంచనా ప్రచురించారు. ఏటా దాదాపు 91 లక్షల జంతు కాట్లు, 5,700కు పైగా రేబిస్ మరణాలు. కాట్లలో ముప్పాతిక భాగం కుక్కలవే. అదే సర్వేలో తేలిన ఇంకో సంగతి మరీ బాధాకరం: కుక్క కరిచినవారిలో సుమారు ఐదోవంతు మంది టీకా జోలికే పోలేదు. అంటే ఒక ఇంట్లో తడి చెప్పు తలుచుకుని నిద్ర పట్టని మనిషి ఉంటే, పక్కింట్లో పిక్క మీద నిజమైన పంటి గాటు పడ్డ మనిషి దాని మీద పసుపో, కారమో, సున్నమో అద్ది ఊరుకుంటున్నాడు. భయం లేక కాదు, ఉన్న భయం తప్పు చోట పడుతోంది.

## ప్రతి జబ్బుకూ తనదైన దారి

జబ్బులన్నీ ఒకేలా అంటుకోవు. ఈ సంగతిని లోకానికి నేర్పిన ఊళ్ళలో సికింద్రాబాద్ ఒకటి. 1897 ఆగస్టు 20న ఇక్కడే రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టాడు. అంతవరకూ బురద నేలల చెడుగాలి వల్ల వస్తుందనుకున్న జ్వరం దోమ కాటు ద్వారానే వస్తుందని ఆ దారిలో సాగిన పరిశోధనలు తేల్చాయి. దారి తెలిశాక జాగ్రత్త కూడా మారింది. గాలికి జడిసి కిటికీలు మూసుకున్నవాళ్ళు నిలవ నీళ్ళు పారబోయడం మొదలుపెట్టారు. ఆయన పేరే నల్లకుంట ఫీవర్ ఆసుపత్రికి పెట్టారు. పాతవాళ్ళు కోరంటి దవాఖాన అనే ఆ ఆసుపత్రికే జంటనగరాల్లో కుక్క కాటు పడ్డవాళ్ళు వెళ్తుంటారు. రేబిస్ రోగులను చివరికి తీసుకుపోయేది కూడా అక్కడికే.

మలేరియా పరాన్నజీవి రక్తంలో తిరుగుతుంది, అందుకే దోమ దాన్ని మోయగలదు. రేబిస్ వైరస్ రక్తంలో తిరిగేది కాదు. దాని నివాసం మెదడు, వెన్నుపాము, నరాలు, చివరి రోజుల్లో లాలాజల గ్రంథులు. అందుకని పిచ్చికుక్కను కుట్టిన దోమ మనల్ని కుట్టినా, దాని ఒంటి మీది పిడుదు మనకు పాకినా, దాని పుండు మీద వాలిన ఈగ మన కంచం మీద వాలినా రేబిస్ రాదు. కుక్క మూత్రం, మలం, రక్తం వల్ల కూడా రాదు. బండి టైరు మీద కుక్క కాలెత్తితే అది శుభ్రతకు సంబంధించిన సంగతి, అంతవరకే. పక్షులకూ, బల్లులకూ, పాములకూ రేబిస్ రాదు; అది పాలిచ్చి పెంచే జంతువుల జబ్బు. వాటిలోనూ ఇంటి ఎలుకలు, ఉడతలు మనిషికి రేబిస్ అంటించడం దాదాపు వినపడదు. కోతి, పిల్లి, నక్క, ముంగిస కరిస్తే మాత్రం కుక్క కరిచినట్టే భావించాలి.

మౌలాలిలో పుట్టి పెరిగినవారికి రైలు సంగతి చెప్పనక్కర్లేదు. స్టేషన్, ఇంజన్ల షెడ్డు, గూడ్సు బళ్ళు ఆగే లైన్లు వాళ్ళ దినచర్యలో భాగం. ఎంత బలమైన ఇంజనైనా పట్టా దిగితే ఒక్క అంగుళం ముందుకు పోలేదు. రేబిస్ వైరస్ సరిగ్గా అలాంటిది. దాని పట్టా నరం. కుక్క పన్ను చర్మాన్ని చీల్చుకుని కండలో దిగినప్పుడు, కండనూ నరాన్నీ కలిపే చోట వైరస్ పట్టా ఎక్కుతుంది. ఆ తర్వాత రోజుకు సుమారు 50 నుంచి 100 మిల్లీమీటర్ల చొప్పున మెదడు వైపు జరుగుతుంది. పాదం నుంచి మెదడుకు మీటరున్నర దూరం అనుకుంటే, ఆగకుండా నడిచినా 15 నుంచి 30 రోజులు పడుతుంది. నిజానికి పట్టా ఎక్కేముందు కండలో చాలా రోజులు ఆగిపోతుంది కాబట్టి, కాటుకూ జబ్బుకూ మధ్య సాధారణంగా రెండు మూడు నెలల ఎడం ఉంటుంది. ముఖం మీద, మెడ మీద, వేళ్ళ చివర పడ్డ కాటు ఎక్కువ ప్రమాదం కావడానికి కారణం ఇదే: అక్కడ పట్టాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి, లేదా గమ్యం దగ్గరలో ఉంది.

ఈ నిదానమే మనకు దొరికిన అవకాశం. సబ్బు నీళ్ళు వైరస్‌ను పట్టా ఎక్కకముందే గాయంలోనే కడిగేస్తాయి. టీకాతో శరీరం సొంతంగా ప్రతిరక్షకాలు తయారుచేసుకోవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆ సరుకు వైరస్ కంటే ముందే స్టేషన్ చేరుతుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీ రోజుల కోసమే లోతైన గాయాల్లోకి తయారైన ప్రతిరక్షకాలను, అంటే ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను, నేరుగా ఎక్కిస్తారు. ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. వైరస్ కుక్క మెదడు దాకా పోయి, అక్కడ పెరిగి, తిరుగు ప్రయాణంలో లాలాజల గ్రంథులకు చేరినప్పుడే ఆ కుక్క నోరు ప్రమాదకరం అవుతుంది. అప్పటికి దాని ఆయుష్షు రోజుల్లోకి వచ్చేస్తుంది. కరిచిన కుక్కనో పిల్లినో పది రోజులు గమనించమని వైద్యులు చెప్పేది అందుకే. పదో రోజున అది హాయిగా తిని తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని చొల్లులో వైరస్ లేనట్టే.

## ఒంటి బయట వైరస్ ఎంతసేపు

చెప్పు, తొట్టి, మెట్టు, టైరు గురించి అడిగేవారికి ‘గాలి తగలగానే వైరస్ చచ్చిపోతుంది’ అని చాలామంది ధైర్యం చెబుతారు. ఆ జవాబు పూర్తిగా నిజం కాదు. సగం నిజంతో వచ్చిన ధైర్యం ఎక్కువ రోజులు నిలవదు కూడా. ప్రయోగశాలలో ఈ వైరస్‌ను పలుచని పూతగా పూసి 30 డిగ్రీల వేడిలో ఉంచి చూశారు. ఎండ తగిలేలా పెట్టినప్పుడు గంటన్నర, ఎండ లేని చోట 20 గంటల దాకా దానికి జీవం ఉంది. చల్లని చోట ఇంకా ఎక్కువ రోజులు నిలిచింది. అంటే క్షణంలో చచ్చిపోదు. అయితే ఆ పూత ప్రయోగం కోసం చిక్కగా తయారుచేసినది. వీధిలో పడే చొల్లు చుక్క ఎండుతుంది, దుమ్ములో కలుస్తుంది, నీళ్ళలో పలచబడుతుంది. ఈ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు నురగ, స్పిరిట్, బ్లీచింగ్ నీళ్ళు, వేడి, ఎండ ఆ పొరను చెదరగొడతాయి. పొర పోయిన వైరస్ దేనికీ పనికిరాదు.

అసలు భరోసా మాత్రం ఇంకో చోట ఉంది. వైరస్ బతికి ఉండటం ఒక సంగతి, నరాన్ని చేరగలగడం వేరే సంగతి. కుక్క పన్ను రెండు పనులు ఒకేసారి చేస్తుంది: చర్మాన్ని తెరుస్తుంది, తాజా చొల్లును లోపలికి దింపుతుంది. తడి చెప్పు, తొట్టి నీళ్ళు, తలుపు గడియ ఈ రెండో పని చెయ్యలేవు. వస్తువుల మీద పడ్డ చొల్లును తాకడం వల్ల మనిషికి రేబిస్ వచ్చిందని నిర్ధారించిన కేసు వైద్య చరిత్రలో కనిపించదు. కుక్కలతో వేల ఏళ్ళుగా కలిసి బతుకుతున్న మనిషికి అది సులువైన దారే అయి ఉంటే, ఒక్క మన దేశంలోనే లక్షల మరణాలు కనిపించేవి. ఉన్న మరణాల వెనుక, వివరం దొరికిన ప్రతిచోటా, దాదాపు ఎప్పుడూ ఒక కాటో, రక్కుడో, పుండు మీద నాకుడో ఉంటుంది.

పగిలిన మడమ సంగతికి వద్దాం. మడమ పగుళ్ళలో ఎక్కువ భాగం మందపాటి చచ్చిన చర్మంలో పడ్డ గీతలు. కింద పచ్చి మాంసం తెరుచుకుని ఉండదు. చెప్పు ఎప్పుడో రాత్రి కొరికింది, పొద్దుటికి ఆరిపోయింది అనుకుంటే ప్రమాదం లేదు, కాళ్ళు సబ్బుతో కడుక్కుంటే చాలు. పగులు లోతుగా చీలి రక్తం వస్తూ ఉండి, కుక్క నోట్లోంచి అప్పుడే లాక్కున్న చెప్పును ఆ తడితోనే తొడుక్కున్నారనుకోండి, అప్పుడు కడుక్కుని వైద్యుణ్ణి అడగడం సమంజసం. మొదటి సందర్భంలాంటివి వందల సంఖ్యలో జరుగుతాయి, రెండోది చాలా అరుదు.

## చర్మం తెరుచుకుందా లేదా

ప్రపంచ ఆరోగ్య సంస్థ జంతువుల తాకిడిని మూడు తరగతులుగా విడదీసింది. మన దేశంలో వైద్యులు పాటించేదీ అదే. జంతువును ముట్టుకోవడం, దానికి తిండి పెట్టడం, గాయం లేని చర్మాన్ని అది నాకడం మొదటి తరగతి. దీనికి టీకా అక్కర్లేదు, కడుక్కుంటే చాలు. బట్టల అడ్డు లేని చర్మాన్ని పళ్ళతో చిన్నగా కొరకడం, రక్తం రాకుండా గీరుకుపోవడం రెండో తరగతి. దీనికి కడగడంతో పాటు టీకా వెంటనే మొదలుపెట్టాలి. చర్మం చీలిన కాటు, రక్తం వచ్చిన రక్కు, పుండు మీద నాకడం, కళ్ళలో, నోటిలో, ముక్కులో చొల్లు పడటం మూడో తరగతి. దీనికి టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. గబ్బిలం నేరుగా తగిలినా ఆ సంస్థ మూడో తరగతిలోనే వేస్తుంది కాబట్టి ఆ సంగతి వైద్యుడికి చెప్పాలి.

ఈ విభజనను జాగ్రత్తగా చూస్తే ‘పరోక్షం’ అని మనం ఒక్క గాటన కట్టేసే సంగతులు రెండు వైపులా పడటం తెలుస్తుంది. నిమరడం, చెప్పు, తొట్టి, టైరు మొదటి తరగతిని కూడా దాటవు. కాటు లేకపోయినా పుండు మీద నాలుక తగలడం, కంట్లో చొల్లు చిందడం మాత్రం అన్నిటికంటే పై తరగతికి పోతాయి. కన్ను, నోరు, ముక్కు లోపల ఉండే పలుచని తడి పొరకు చర్మంలా గట్టి కవచం లేదు, నరాల కొసలు పైపైనే ఉంటాయి. పెంపుడు కుక్క ముఖమంతా నాకితే నవ్వి ఊరుకునే ఇళ్ళు, అదే కుక్క చెప్పు కొరికితే హడలిపోవడం నేను ఇంతకుముందు చెప్పిన తప్పు చోటి భయానికి ఉదాహరణ. నిమిరిన చేత్తో కళ్ళు నలుపుకున్న పిల్లవాడి సంగతి ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. బొచ్చు మీద ఎండిన తడికి ఆ శక్తి లేదు. చేతినిండా అప్పుడే నాకించుకుని, ఆ చేతినే కంట్లో పెట్టుకుంటే మాత్రం కన్ను బాగా కడిగి, ఆ కుక్క ఏదో, ఎలా ఉందో వైద్యుడికి చెప్పాలి.

గోటి గీతను లెక్కలోకి ఎందుకు తీసుకుంటారని చాలామంది అడుగుతారు. గోటిలో వైరస్ పుట్టదు. కానీ కుక్కా పిల్లీ పాదాలు నాకుతూనే ఉంటాయి. తడి గోరు చర్మాన్ని చీల్చినప్పుడు చొల్లు, తెరుచుకున్న చర్మం రెండూ ఒకే క్షణంలో కలుస్తాయి. పంటి కంటే ప్రమాదం తక్కువే, కానీ దారి అదే. చిన్న గాటును తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 2025లో దేశమంతా చూసింది. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రస్థాయి కబడ్డీ ఆటగాడొకరు కాలువలో పడ్డ కుక్కపిల్లను బయటికి తీస్తుంటే అది చేతిని కొరికింది. చిన్నదేగా అని టీకా వేయించుకోలేదు. కొన్ని నెలలకు రేబిస్‌తో చనిపోయారు. కుక్కపిల్లే కదా అన్న మాట, మురిపెంగా కొరికిందన్న మాట, రక్తం రాలేదన్న మాట వైరస్‌కు అడ్డం కావు.

## పాలు, మాంసం, గాలి

గేదె కథ మన పల్లెల్లో మళ్ళీ మళ్ళీ జరిగేదే. పిచ్చికుక్క కరిచిన గేదె కొన్నాళ్ళకు చచ్చిపోతుంది, దాని పాలు తాగిన ఇళ్ళన్నీ సూదుల కోసం ఆసుపత్రి ముందు వరుస కడతాయి. రేబిస్ ఉన్న జంతువు పాలు తాగడం వల్ల, మాంసం తినడం వల్ల మనిషికి జబ్బు సోకిందని ఇంతవరకూ నిర్ధారణ కాలేదు. కాచిన పాలలో, ఉడికిన మాంసంలో వైరస్ బతకదు, కాబట్టి వాటికి టీకా అక్కర్లేదు. కాచి తోడుపెట్టిన పెరుగుకూ అదే వర్తిస్తుంది. పచ్చిపాల సంగతే చర్చకు వస్తుంది. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 1996లోనూ, 1998లోనూ రేబిస్ ఉన్న ఆవుల పచ్చిపాలు తాగినవాళ్ళకు ముందుజాగ్రత్తగా టీకా ఇచ్చారు. ఎవరికీ జబ్బు రాలేదు. అయితే వాళ్ళంతా టీకా వేయించుకున్నవాళ్ళే కాబట్టి ఆ సంఘటనలతో పచ్చిపాలకు పూర్తి నిర్దోషిత్వం ఇవ్వలేం. జబ్బు చేసిన పశువు పాలు తాగకూడదు, పిండకూడదు కూడా. ఎందుకంటే అసలు ప్రమాదం పాలు పిండే మనిషికి, గొంతులో ఏదో అడ్డుపడిందనుకుని గేదె నోట్లో చెయ్యి పెట్టిన రైతుకు, దానికి మందు తాగించిన పశువైద్య సిబ్బందికి. ఊరంతా పెరుగు గురించి ఆలోచిస్తుంటే, నోట్లో చెయ్యి పెట్టిన మనిషి వరుసలో ఎక్కడో చివర ఉంటాడు. అతను ముందు ఉండాలి.

పచ్చి మాంసం విషయంలోనూ ఇంతే. వియత్నాంలో కుక్క మాంసం కోసినవాళ్ళకు రేబిస్ వచ్చిన సందర్భాలు నమోదయ్యాయి. అక్కడ తినడం కంటే కోయడమే ప్రమాదం: కత్తి పట్టిన చేతికి గాట్లుంటాయి, మెదడూ నరాలూ నేరుగా తగులుతాయి. రోడ్డు మీద బండి కింద పడి చచ్చిన కుక్కను తీసేవాళ్ళు చేతులకు తొడుగులు వేసుకోవాల్సింది కూడా అందుకే. కళేబరం మెదడులో వైరస్ వెంటనే చచ్చిపోదు.

కాటు లేకుండా రేబిస్ వచ్చిన నిజమైన ఉదాహరణలు లేవా అని చదువుకున్న పాఠకుడు అడగవచ్చు. ఉన్నాయి, వాటిని దాచడం మంచిది కాదు. టెక్సస్‌లోని ఫ్రియో గుహలో లక్షల గబ్బిలాలు ఉంటాయి. 1950ల్లో ఆ గుహలోకి వెళ్ళివచ్చిన ఇద్దరు, తెలిసిన కాటు లేకుండానే చనిపోయారు. 1970ల్లో అమెరికాలో ఇద్దరు ప్రయోగశాల సిబ్బందికి చిక్కటి వైరస్ తుంపర పీల్చడం వల్ల జబ్బు వచ్చింది. 1978లో కంటి పొర మార్పిడి ద్వారా ఒకరికి, 2004లో ఒకే దాత అవయవాలూ రక్తనాళమూ పొందిన నలుగురికి రేబిస్ సోకింది. ఈ ఉదాహరణలు నేను చెబుతున్న దారిని కాదనవు. గుహలోనూ ప్రయోగశాలలోనూ వైరస్ అసాధారణమైన మోతాదులో ముక్కు లోపలి పొర మీద పడింది; మార్పిడిలో వైరస్ ఉన్న కణజాలాన్ని శస్త్రచికిత్స నేరుగా లోపల పెట్టింది. మౌలాలి వీధిలో కుక్క పక్కనుంచి నడిచి వెళ్ళడం, అది దగ్గుతుంటే చూడటం ఈ రెండింటిలో దేనికీ దగ్గర కాదు. మనిషి నుంచి మనిషికి కాటు వల్లగానీ చొల్లు వల్లగానీ సోకిందని కూడా నిర్ధారణ కాలేదు. అయినా రేబిస్ రోగికి సేవ చేసినవారి కళ్ళలోనో, గాయంలోనో చొల్లు పడితే టీకా ఇస్తారు, ఇవ్వాలి.

## ‘ఎందుకైనా మంచిది’ అనే వాదన

ఇంత తర్కం ఎందుకు, అనుమానం వచ్చిన ప్రతిసారీ సూది వేయించుకుంటే పోలా అనేది బలమైన అభ్యంతరం. ఒకప్పుడు దీనికి జవాబు తేలిక. గొర్రె మెదడు నుంచి తీసిన పాత టీకాను బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పొడిచేవారు, దానితో కొందరికి పక్షవాతం కూడా వచ్చేది. మన దేశం 2004 చివరికి ఆ టీకాను వదిలేసింది. ఇప్పటి టీకాలు కణాలలో పెంచిన వైరస్‌ను చంపి శుద్ధి చేసినవి. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారుచేసే అభయ్‌రాబ్ అలాంటిదే. అవి సురక్షితం. గర్భిణులకూ పసిపిల్లలకూ ఇవ్వవచ్చు. సర్కారు దవాఖానల్లో ఉచితం. అక్కడ ఎక్కువగా చర్మం పొరలోకి రెండేసి చోట్ల 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. కండకు వేసేటప్పుడు 14వ రోజు కూడా కలుస్తుంది. కాబట్టి నిజమైన అనుమానం ఉన్న చోట వెనకాడటానికి ఏ కారణమూ లేదు. వైద్యుడు వేయించుకోమంటే వేయించుకోవాలి.

కానీ ‘ఎందుకైనా మంచిది’ అనే మాటకు హద్దు గీయకపోతే అది మంచిని కూడా చెరుపుతుంది. అన్నిటికీ సూదే జవాబు అనుకునే మనిషి, సూది కంటే ముందు చెయ్యాల్సిన పనిని మరిచిపోతాడు. కాటు పడగానే కొళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగడం అందరికీ చేతనైన పని. ఆ 15 నిమిషాలు ఎంత సేపో గడియారం చూసుకుంటే తప్ప తెలియదు. చాలామంది ఒక్క నిమిషంలో ఆపేస్తారు. ఇమ్యునోగ్లోబ్యులిన్ టీకాలా దండిగా దొరికేది కాదు. లోతైన గాయాలున్నవాళ్ళకు అది అందాలంటే, దాని అవసరం లేనివాళ్ళను వైద్యుడు వేరు చెయ్యగలగాలి. ఆ వేరుచెయ్యడానికి మనం చెప్పే వివరమే ఆధారం.

ఇక్కడ నా వాదనకు నేనే ఒక మినహాయింపు పెట్టుకోవాలి. మొదటి తరగతి తాకిడికి టీకా అక్కర్లేదన్న నియమం, జరిగింది నమ్మకంగా తెలిసినప్పుడే పనిచేస్తుంది. పిల్లల విషయంలో అది తరచు తెలియదు. ప్రపంచంలో రేబిస్‌కు బలయ్యేవారిలో దాదాపు 40 శాతం పదిహేనేళ్ళలోపు పిల్లలు. తిడతారేమోనన్న భయంతో పిల్లవాడు ‘కుక్క నాకిందంతే’ అంటాడు, చొక్కా ఎత్తి చూస్తే నడుము మీద గీత ఉంటుంది. వివరం పూర్తిగా దొరకనప్పుడు కాటు పడినట్టే లెక్కించాలి. మతిస్థిమితం లేనివారి విషయంలో, నిద్రలో ఉండగా జంతువు దగ్గరికి వచ్చిన సందర్భాల్లో కూడా అంతే. పెద్దలు పిల్లలను తిట్టకుండా వినగలిగితే కొన్ని ప్రాణాలు నిలుస్తాయని నా గట్టి నమ్మకం.

పది రోజుల పరిశీలన మన వీధుల్లో కుదరదని కొందరు అంటారు. కొంతవరకు నిజమే, బండి మీద పోతుంటే వెంటపడి కరిచిన కుక్కను మళ్ళీ గుర్తుపట్టలేం. అందుకే టీకా మొదటి రోజే మొదలుపెట్టాలి, పది రోజులు ఆగి చూద్దామనుకోకూడదు. అయినా కాలనీల్లో చాలా కుక్కలు అనామకమైనవి కావు. టిఫిన్ బండి ఆయనకు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కు, పొద్దున్నే రొట్టె ముక్కలు వేసే అమ్మకు వాటి మచ్చలతో సహా తెలుసు. వాళ్ళను అడిగి పదో రోజున కుక్క ఎలా ఉందో వైద్యుడికి చెబితే, మిగిలిన మోతాదుల సంగతి ఆయన నిర్ణయిస్తారు. కుక్కకు టీకా వేసి ఉందన్న మాట ఒక్కటే సరిపోదు. ఎప్పుడు వేశారో కాగితం చూపించగలగాలి.

చివరగా, ఎన్నిసార్లు చెప్పినా భయం తీరనివాళ్ళు ఉంటారు. కుక్క పక్కనుంచి వెళ్ళిన ప్రతిసారీ కాళ్ళు తడుముకుని చూసుకోవడం, చేతులు పదేపదే కడగడం, ఆరు నెలల కిందట చెప్పు మీద కనిపించిన మరక గురించి ఇవాళ్టికీ లెక్కలు కట్టడం వాళ్ళకు తప్పని బాధ. ‘ఎన్నేళ్ళ తర్వాతైనా రేబిస్ రావచ్చట’ అన్న మాట వాళ్ళను ఎక్కువగా పీడిస్తుంది. ఏడాది దాటి బయటపడటం చాలా అరుదు. పైగా ఆ గడువు వైరస్ నిజంగా లోపలికి పోయిన రోజు నుంచి మొదలవుతుంది. లోపలికే పోనిదానికి గడువు ఉండదు. లోపల వైరస్ ఉందో లేదో లక్షణాలకు ముందే చెప్పే రక్తపరీక్ష ఏదీ లేదు కాబట్టి పరీక్షల కోసం ల్యాబుల చుట్టూ తిరగడం వల్ల ఊరట దొరకదు. ఒకసారి టీకా పూర్తిగా వేయించుకున్నవారికి తర్వాత నిజంగానే కుక్క కరిచినా 0, 3 రోజుల్లో రెండు మోతాదులు చాలు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అక్కర్లేదు. మూడు నెలల లోపే మళ్ళీ కరిస్తే గాయం కడగడం సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇదంతా తెలిసీ మనసు ఊరుకోకపోతే అది మొండితనం కాదు, వదలని ఆలోచనల జబ్బు కావచ్చు. దానికి మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించుకోవచ్చు. అంతదూరం వెళ్ళలేనివారు 14416కు ఫోను చేస్తే టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.